అడగకుండా తవ్వొద్దు

షేల్ గ్యాస్ అనగానే ఇది ఇంజనీర్లూ, మంత్రులూ, కంపెనీల వాళ్లూ తేల్చుకోవలసిన విషయమనీ, మహిళా సంఘాలకు దీనితో పనేమిటనీ మనలో చాలామందికి అనిపిస్తుంది. గృహహింస కేసులు, ఉపాధి హామీ కూలి బకాయిలు, బెల్టు షాపులు, పింఛన్లు... చేతిలో ఉన్న పనులకే రోజు చాలడం లేదు. అయినా దీని గురించి రాయవలసి వస్తోంది. షేల్ గ్యాస్ మీద యూరప్‌లో పదిహేనేళ్లుగా సాగిన వాదోపవాదాలను దగ్గరగా చూస్తే, అందులో అసలు ప్రశ్న భూమిలో గ్యాస్ ఎంత ఉందన్నది కాదు. ఒక ఊరి కింద నేలను తవ్వే ముందు ఆ ఊరివాళ్లను అడగాలా, అక్కర్లేదా అన్నది. అక్కడి జనం పోరాడి ఆ ప్రశ్నను చట్టసభల దాకా తీసుకువెళ్లారు. మన దేశంలో 2020లో ఒక్క నోటిఫికేషన్‌తో ఆ ప్రశ్ననే తీసి పక్కన పెట్టేశారు. పక్కన పెట్టిన సంగతి కూడా మన సంఘాల్లో చాలామందికి తెలియదు.

నేనుండేది విజయనగరం జిల్లా కొత్తవలసలో. ఇక్కడ గ్యాస్ బావులు లేవు. కానీ భూమిలోంచి తీసినది ఎవరి గుమ్మం ముందు నుంచి పోతుందో, చివరికి ఎవరికి చేరుతుందో మా ఊరికి బాగా తెలుసు. జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఇనుప ఖనిజం పంపడానికి 1960లలో ఆ దేశం సహకారంతో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్ని తవ్విన ఖనిజం అరకు కొండలు దిగి, మా స్టేషన్ మీదుగా విశాఖ రేవుకు పోతుంది. ఆ గూడ్సు బళ్లు వెళ్లేదాకా గేటు దగ్గర నిలబడడం మాకు రెండు తరాల అలవాటు. ఆ కొండల్లో ఉండే ఆదివాసీ స్త్రీలను తవ్వే ముందు అడగాలన్న చట్టమే ఆ రోజుల్లో లేదు. ఇప్పుడు కాకినాడ నుంచి విశాఖ మీదుగా శ్రీకాకుళానికి, అక్కడి నుంచి ఒడిశాలోని అంగుల్‌కు గ్యాస్ గొట్టాలు వేయడానికి అనుమతులు ఇచ్చారు. గ్యాస్ మాట మన జిల్లాల్లోకీ వచ్చిందన్నమాట. కాబట్టి గోదావరి జిల్లాల సంగతి గోదావరి వాళ్లు చూసుకుంటారులే అని మనం ఊరుకోవడానికి లేదు.

ఫ్రాకింగ్ అంటే ఏమిటి?

మామూలు గ్యాస్, రాతి పొరల్లోని సందుల్లో చేరి ఉంటుంది. బోరు దిగితే తన ఒత్తిడికి తనే పైకి వస్తుంది. షేల్ గ్యాస్ అలా కాదు. షేల్ అనే గట్టి రాతిపొరలో చిక్కుకుని ఉంటుంది. ఆ రాయిని పగలగొడితే తప్ప బయటికి రాదు. అందుకని రెండు మూడు కిలోమీటర్ల లోతుకు బోరు దింపి, అక్కడి నుంచి అడ్డంగా తిప్పి, నీళ్లలో ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో లోపలికి కొడతారు. రాయి చిట్లుతుంది. ఆ చీలికలు మూసుకుపోకుండా ఇసుక ఆపుతుంది. దీన్నే ఫ్రాకింగ్ అంటారు.

ఇందుకు ఒక్కో బావికి కోటి లీటర్లకు పైగా నీళ్లు కావాలి. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. అంటే ఒక్క బావికి కొట్టే నీళ్లు ఐదువందల మంది ఉన్న పల్లెకు ఏడాదికి సరిపోతాయి. లోపలికి కొట్టిన నీళ్లలో కొంత భాగం ఉప్పుతో, రసాయనాలతో, భూమి లోతుల్లోని లోహాలతో కలిసి తిరిగి పైకి వస్తుంది. దాన్ని ఎక్కడ పోస్తారన్నది ప్రతి దేశంలోనూ తగాదాయే. అమెరికాలో 2005లో చేసిన ఇంధన చట్టం, ఫ్రాకింగ్ ద్రవాలకు తాగునీటి రక్షణ చట్టం నుంచి చాలావరకు మినహాయింపు ఇచ్చేసింది. ఆ దేశంలో షేల్ గ్యాస్ అంత వేగంగా పెరగడం వెనుక ఈ మినహాయింపు కూడా ఉంది. అదే దేశంలో న్యూయార్క్ రాష్ట్రం ప్రజల ఆరోగ్యాన్ని కారణంగా చూపి 2014 డిసెంబరులో ఫ్రాకింగ్‌ను నిషేధించాలని నిర్ణయించింది.

నీళ్లు తగ్గినా, చెడినా ముందు తెలిసేది ఎవరికో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బిందె మోసేవాళ్లకి.

గోదావరి నేర్పిన పాఠం

మన రాష్ట్రానికి గ్యాస్ కొత్త కాదు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో గ్యాస్ బావి బద్దలై మంటలు లేచాయి. వాటిని ఆర్పడానికి 65 రోజులు పట్టింది. రాత్రి పగలు తేడా తెలియని ఆ వెలుగు గురించి కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఇళ్లలో నిద్రలో ఉన్నవాళ్లు. గ్యాస్ తీస్తున్న చోట నేల కుంగుతోందని, ఉప్పునీరు పొలాల్లోకి వస్తోందని డెల్టా రైతులు చాలా ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఇదంతా మామూలు గ్యాస్ సంగతి. షేల్ గ్యాస్ అంటే అంతకంటే ఎక్కువ బావులు, ఎక్కువ నీళ్లు, ఎక్కువ లారీలు.

2011లో అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచార సంస్థ మన దేశంలో షేల్ గ్యాస్ ఉండే నాలుగు ప్రాంతాలను లెక్కగట్టింది. అందులో కృష్ణా-గోదావరి బేసిన్ ఒకటి. 2013 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం షేల్ గ్యాస్ విధానం ప్రకటించి, ప్రభుత్వ రంగ సంస్థలకు అన్వేషణకు అనుమతి ఇచ్చింది. 2018 ఆగస్టులో ఈ అవకాశాన్ని ప్రైవేటు కంపెనీలకూ తెరిచింది. ఇప్పటిదాకా తవ్విన షేల్ బావుల్లో ఆశించిన ఫలితం రాలేదు. రాలేదు కాబట్టి ఇక బెంగ లేదనుకోవచ్చా? ధర పెరిగిన రోజున, కొత్త యంత్రం వచ్చిన రోజున మళ్లీ వస్తారు. అప్పుడు అడిగే హక్కు మన చేతిలో ఉంటుందా అన్నదే ప్రశ్న.

యూరప్‌లో ఏం జరిగింది?

ఫ్రాన్స్ ప్రభుత్వం 2010 మార్చిలో దక్షిణ ప్రాంతంలో షేల్ గ్యాస్ అన్వేషణకు చప్పుడు లేకుండా పర్మిట్లు ఇచ్చింది. ఊళ్లవాళ్లకు ఆ ఏడాది చివర్లో గాని తెలియలేదు. తెలిశాక 2011 ఫిబ్రవరిలో విల్‌నవ్-ద-బెర్గ్ అనే చిన్న ఊళ్లో వేలమంది పోగయ్యారు. జూలై 13న ఫ్రాకింగ్‌ను నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టం వచ్చింది. ఆ పని చేసిన మొదటి దేశం అదే. 2012 జనవరిలో బల్గేరియా నిషేధించింది. పోలెండ్‌లో జురావ్లువ్ అనే పల్లె రైతులు 2013లో షెవ్రాన్ కంపెనీ యంత్రాలకు అడ్డంగా ట్రాక్టర్లు పెట్టి ఏడాదికి పైగా కాపలా కాశారు. 2015 ఆరంభంలో ఆ కంపెనీ పోలెండ్‌లో షేల్ పని విరమించుకుంది. అక్కడ ప్రతిఘటనతోపాటు భూమి కూడా కంపెనీకి సహకరించలేదన్నది నిజం. పరీక్ష బావుల్లో గ్యాస్ అనుకున్నంత రాలేదు. జర్మనీలో 2017 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం షేల్ ఫ్రాకింగ్‌ను ఆపి, కొద్ది పరిశోధన బావులకు మాత్రమే చోటు ఉంచింది.

యూరోపియన్ యూనియన్ మాత్రం అందరికీ వర్తించే చట్టం చేయలేదు. 2012 నవంబరులో యూరోపియన్ పార్లమెంటులో నిషేధం ప్రతిపాదన వీగిపోయింది. 2014 జనవరి 22న యూరోపియన్ కమిషన్ కొన్ని సిఫారసులు మాత్రం చేసింది. తవ్వకముందే ఆ చుట్టుపక్కల నీటిని పరీక్షించి లెక్క రాసిపెట్టాలని, వాడే రసాయనాల పేర్లు బయటపెట్టాలని, జనాన్ని సంప్రదించాలని అందులో ఉంది. పాటించకపోతే శిక్ష లేదు. ఈ సిఫారసుల్లో మొదటిది మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. ముందు లెక్క లేకపోతే, నుయ్యి చెడిపోయాక "ఇది మొదటి నుంచీ ఇంతే" అని కంపెనీ అంటుంది. కాదని చెప్పడానికి మన దగ్గర నోటి మాట తప్ప ఏమీ ఉండదు.

నెదర్లాండ్స్ కథ ఇంకోటి. అక్కడ గ్రోనింగెన్‌లో దశాబ్దాలుగా తీసింది మామూలు గ్యాసే. అయినా దానివల్ల భూమి కంపించి వేలాది ఇళ్లకు బీటలు వచ్చాయి. పార్లమెంటు విచారణ సంఘం 2023లో జనం భద్రత కన్నా డబ్బుకే పెద్దపీట వేశారని తేల్చింది. ఆ ఏడాది అక్టోబరులో ఉత్పత్తి ఆపారు, 2024లో చట్టం చేసి శాశ్వతంగా మూశారు. గోదావరి రైతుల ఫిర్యాదుల మీద అలాంటి విచారణ మన శాసనసభ ఎప్పుడు వేస్తుంది?

రోడ్డు పక్క అమ్మమ్మలు

ఇంగ్లండులోని లాంకషైర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అక్కడ 2014 నుంచి ఫ్రాకింగ్‌కు ఎదురు నిలిచినవాళ్లలో నడివయసు, ముసలి ఆడవాళ్లు ముందున్నారు. తమను తాము 'నానాలు' అని, అంటే అమ్మమ్మలమని చెప్పుకుని, పసుపుపచ్చ తలగుడ్డలు కట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. 2015 జూన్‌లో జిల్లా కౌన్సిల్ వాళ్ల మాట విని అనుమతి నిరాకరించింది. 2016 అక్టోబరులో లండన్‌లోని మంత్రి ఆ నిర్ణయాన్ని కొట్టేసి కంపెనీకి అనుమతి ఇచ్చాడు. పంచాయతీ తీర్మానాన్ని పైనున్నవాళ్లు బుట్టదాఖలు చేయడం మన దగ్గరే కాదన్నమాట. అమ్మమ్మలు మాత్రం రోడ్డు వదల్లేదు. 2019 ఆగస్టు 26న ఆ బావి దగ్గర 2.9 తీవ్రతతో భూమి కంపించింది. నవంబరులో ఇంగ్లండు అంతటా ఫ్రాకింగ్ నిలిపేశారు. 2022 సెప్టెంబరులో కొత్త ప్రధాని ఆ నిలుపుదల ఎత్తేసింది, నెల తిరక్కుండా ఆ ప్రభుత్వం పడిపోయి నిలుపుదల మళ్లీ వచ్చింది.

ఇందులో మనకు నేరుగా పనికొచ్చే ఘట్టం ఒకటుంది. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలనకు ఉద్దేశించిన ఐక్యరాజ్య సమితి ఒప్పందం, మనం సీడా అని పిలుచుకునేది, దాని అమలును చూసే కమిటీ 2019 మార్చిలో బ్రిటన్ నివేదికను పరిశీలించింది. విషరసాయనాలు సహా ఫ్రాకింగ్ దుష్ఫలితాలు గ్రామీణ స్త్రీల మీద మిగతావారికన్నా ఎక్కువగా పడుతున్నాయని ఆందోళన చెప్పి, పూర్తి నిషేధాన్ని పరిశీలించమని ఆ ప్రభుత్వానికి సూచించింది. అదే ఒప్పందాన్ని భారతదేశం 1993లో ఆమోదించింది. అభివృద్ధి ప్రణాళికలు వేయడంలో గ్రామీణ స్త్రీలకు పాలు ఉండాలని దాని 14వ అధికరణం చెబుతోంది. ఇన్నాళ్లూ మనం సీడాను హింస, ఆస్తి హక్కు, వేతనాల కేసుల్లో వాడుకున్నాం. గ్యాస్ బావి దగ్గర కూడా వాడవచ్చని లాంకషైర్ స్త్రీల పోరాటం చూపించింది.

మన పొయ్యి సంగతి?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. గ్యాస్ వద్దంటే మన పొయ్యి ఎలా వెలుగుతుంది? 1999లో దీపం పథకం వచ్చినప్పుడు మొదటిసారి పొగ లేని వంటిల్లు చూసినవాళ్లం మనం. 2016లో ఉజ్వల వచ్చింది, 2024 నవంబరు నుంచి రాష్ట్రంలో ఏడాదికి మూడు బండలు ఉచితంగా ఇస్తున్నారు. పుల్లలు ఏరి, ఊది, కళ్లు పాడుచేసుకున్న ఆడవాళ్లకు గ్యాస్ బండ ఒక హక్కు. దాన్ని ఎవరూ వెటకారం చేయలేరు.

అయితే ఆ గ్యాస్ ఎక్కడి నుంచి వస్తోంది? 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గ్యాస్ తగ్గి, యూరప్ అమెరికా నుంచి ఓడల మీద ద్రవీకరించిన గ్యాస్ తెప్పించుకోవడం బాగా పెంచింది. 2023లో యూరోపియన్ యూనియన్ అలా దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో దాదాపు సగం అమెరికాదే. అమెరికా తీసే గ్యాస్‌లో ఎక్కువ భాగం ఫ్రాకింగ్‌తో తీసిందే. అంటే తమ ఊళ్లో తవ్వొద్దన్న దేశాలు టెక్సాస్, లూసియానా ఊళ్లలో తవ్వింది కొనుక్కుంటున్నాయి. ఆ తప్పు వాళ్లది మాత్రమే అనడానికి లేదు. మన దేశం కూడా 2011లో లూసియానా గ్యాస్‌కు ఒప్పందం చేసుకుని 2018 నుంచి దిగుమతి చేసుకుంటోంది. 2026కి అమెరికా నుంచి 22 లక్షల టన్నుల వంటగ్యాస్ కొనడానికి మన ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు 2025 నవంబరులో ఒప్పందం చేసుకున్నాయి.

కాబట్టి "మా ఊళ్లో వద్దు" అన్నంత మాత్రాన సరిపోదు. మా ఊళ్లో వద్దు, ఇంకో ఊళ్లో తవ్వుకోండి అనడం మన ఉద్యమాల భాష కాదు. అలాగని పొయ్యి పేరు చెప్పి నుయ్యి ఇచ్చేయమంటే ఇవ్వం. గోదావరి ఒడ్డున తీసిన గ్యాస్‌లో ఎక్కువ భాగం కరెంటు కేంద్రాలకూ, ఎరువుల ఫ్యాక్టరీలకూ పోయింది. వంటిల్లు అడ్డం పెట్టి పరిశ్రమకు అనుమతి అడగడం పాత ఎత్తు. ఏ ఊరివాళ్లనైనా, అది కోనసీమ కానీ, లూసియానా కానీ, ముందు అడగాలన్నదే మన మాట.

తీసేసిన కుర్చీ

ఇప్పుడు మొదట చెప్పిన 2020 నోటిఫికేషన్ దగ్గరికి వద్దాం. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల ప్రకారం చమురు, గ్యాస్ అన్వేషణకు కూడా పూర్తి స్థాయి నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ కావాలి. 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ అన్వేషణను 'బీ-2' అనే తరగతిలోకి మార్చింది. ఆ తరగతికి ప్రభావ నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. గ్యాస్ దొరికి ఉత్పత్తి మొదలుపెట్టేటప్పుడు అడుగుతారట. కోట్ల రూపాయలు పోసి బోరు దింపాక, రోడ్డు వేశాక, భూమి కౌలుకు తీసుకున్నాక "మీకు ఇష్టమేనా" అని అడిగితే ఎవరు కాదనగలరు? పెళ్లి పందిట్లో కూర్చోబెట్టి పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టు ఉంటుంది.

ప్రజాభిప్రాయ సేకరణ ఉన్నప్పుడు మాత్రం మనకు ఒరిగిందేమిటి అని అడిగేవాళ్లున్నారు. అది కూడా నిజమే. కొన్నేళ్ల కిందట మా ప్రాంతంలో ఒక ఫ్యాక్టరీ విస్తరణ కోసం జరిగిన సభకు మా సంఘం నుంచి ఇరవై మందిమి వెళ్లాం. షామియానా కింద ముందు వరసలన్నీ మగవాళ్లవే. నివేదిక అంతా ఇంగ్లీషులో ఉంది, తెలుగులో ఉన్నది నాలుగు కాగితాలు. రెండు గంటల తర్వాత ఒకామెకు మైకు దొరికింది. "బాబూ, మా నూతిలో నీళ్లు ఎర్రగా వస్తన్నాయి. ఇంకో గొట్టం పెడతారట. ఈ నీళ్ల సంగతేటి?" అంది. భూమి పట్టా నీ పేరున ఉందా అని వేదిక మీంచి అడిగారు. "పట్టా మా ఆయన పేరునుందండి. నూతికెళ్లేది నేనండి" అందామె. సభలో కొందరు నవ్వారు. కానీ ఆ మాట రికార్డులోకి ఎక్కింది, ఆ రికార్డు పట్టుకునే తర్వాత మేం నీటి పరీక్షకు దరఖాస్తు పెట్టగలిగాం. ఆ కుర్చీ ఎంత వెనక వరసలో ఉన్నా కుర్చీయే. అన్వేషణ విషయంలో 2020లో దాన్ని కూడా తీసేశారు.

అడిగితే ఏమవుతుందో మన చుట్టుపక్కలే చూశాం. మన విజయనగరం నుంచి రైలెక్కితే వచ్చే రాయగడ, దాని పక్క కలహండి జిల్లాల్లోని నియమగిరి కొండల బాక్సైట్ కోసం వేదాంత కంపెనీ వచ్చినప్పుడు విదేశాల్లోనూ పెద్ద ప్రచారం జరిగింది. 2007లో నార్వే ప్రభుత్వ పింఛను నిధి, 2010లో ఇంగ్లండు చర్చి తమ వాటాలు అమ్మేశాయి. అయినా కంపెనీ కదల్లేదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. ఆ ఏడాది 12 గ్రామసభలు ఒక్కటీ తప్పకుండా వద్దన్నాయి. అంతటితో ఆగింది. విదేశీ మిత్రుల అండ విలువైనదే. కానీ తేల్చింది డోంగ్రియా కోందు స్త్రీపురుషులు తమ ఊళ్లలో కూర్చుని చెప్పిన మాట.

అడక్కపోతే ఏమవుతుందో కూడా చూశాం. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని మొత్తుకున్న జనం మాట సకాలంలో వినలేదు. 2010 జూలై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాక గాని పర్యావరణ అనుమతి రద్దు కాలేదు. ఏడాది తిరక్కుండా 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ అదే జరిగింది. రెండు చోట్లా లాఠీలకు ఎదురు నిలబడినవాళ్లలో ఆడవాళ్లు ముందున్నారు.

మనం ఏం అడగాలి?

తమిళనాడు దారి చూపింది. నెడువాసల్, కదిరామంగళం ఊళ్లలో 2017లో స్త్రీలు, రైతులు నెలల తరబడి కూర్చున్నారు. 2020 ఫిబ్రవరిలో, కేంద్రం నోటిఫికేషన్ వచ్చిన నెలకే, ఆ రాష్ట్ర శాసనసభ కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించి, కొత్తగా చమురు, సహజవాయువు, షేల్ గ్యాస్ అన్వేషణను నిషేధించింది. పాత బావులకు అది వర్తించదు, ఆ లోటు ఉంది. అయినా కావేరి డెల్టాకు ఉన్న రక్షణ గోదావరి, కృష్ణా డెల్టాలకు ఎందుకు ఉండకూడదో మన శాసనసభ్యులు చెప్పాలి.

మన సంఘాలు ఈ కోరికలు ముందు పెట్టాలని నా అభిప్రాయం. అన్వేషణ దశలోనే ప్రజాభిప్రాయ సేకరణను తిరిగి తేవాలి. ఆ సభకు కోరం అక్కర్లేదన్న 2006 నిబంధన మార్చి, వచ్చినవాళ్లలో సగం మంది స్త్రీలుంటేనే అది సభ అనాలి. తవ్వకముందే చుట్టుపక్కల ప్రతి నుయ్యి, బోరు నీటినీ ప్రభుత్వ ఖర్చుతో పరీక్షించి, ఆ కాగితం పంచాయతీలో తెలుగులో అతికించాలి. వాడే రసాయనాల పేర్లు ఆరోగ్య ఉపకేంద్రంలో ఉండాలి. నష్టపరిహారం పట్టాదారుతో ఆగకుండా కౌలు రైతులకు, కూలి స్త్రీలకు, మత్స్యకార స్త్రీలకు చేరాలి. డెల్టా రక్షణ చట్టం చేయాలి.

వీటిలో మొదటి అడుగు మన చేతిలోనే ఉంది. ఈ ఏడాది గ్రామసభల్లో, కొత్తవలస నుంచి కోనసీమ దాకా, "మమ్మల్ని అడగకుండా మా నేల తవ్వొద్దు, మా ఊరి మీదుగా గొట్టం వేయొద్దు" అని ఒక్క తీర్మానం రాయించుదాం. సంతకాల్లో ఆడవాళ్ల పేర్లు ముందు వరసలో ఉండేలా చూద్దాం. దాని నకలు కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి, మహిళా కమిషన్‌కు పంపుదాం. సీడా కమిటీకి దేశం తరఫున నివేదిక వెళ్లేటప్పుడు, స్వచ్ఛంద సంస్థలు పంపే ప్రత్యామ్నాయ నివేదికలో ఆ తీర్మానాలన్నీ జతచేద్దాం. లాంకషైర్ అమ్మమ్మల గొంతు జెనీవా దాకా చేరినప్పుడు మన గొంతు ఎందుకు చేరదు?